అత్తగారి దుద్దులు, స్ఫటిక మాల, క్రిస్టల్ గిన్నెలు: ఏది ఏమిటి?

ప్రశ్న: మాది చెన్నైలో పెరంబూరు. మా అత్తగారు పోయిన ఏడాది కాలం చేశారు. ఆవిడ బీరువాలో మూడు రకాల వస్తువులు మిగిలాయి. ఒకటి ఏడురాళ్ల దుద్దులు. 1966లో ఆవిడ పెళ్లికి గుంటూరులో చేయించారు. అసలైన బ్లూ జాగర్ రవ్వలని ఎప్పుడూ చెప్పేవారు. 1990ల్లో మర అరిగిపోతే చెన్నైలోనే మళ్లీ కట్టించారట. రెండోది రామేశ్వరంలో కొన్న స్ఫటిక మాల. మూడోది మా మరిది యూరప్ నుంచి తెచ్చిన ఆరు క్రిస్టల్ గిన్నెలు, ఒక సీసా. టీ నగర్‌లో ఒక కొట్టాయన దుద్దులు చూసి "గాజురాళ్లమ్మా, బంగారం బరువుకే కడతాం" అన్నాడు. మా తోడికోడలు మూడూ గాజే, అన్నీ ఒకటే సరుకు అంటోంది. మేమిద్దరం వీటిని పంచుకోవాలి. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయేమో "అన్నీ అద్దంలా కనిపిస్తున్నాయి కదా, మరి తేడా ఎక్కడుంది?" అని అడుగుతోంది. యూట్యూబ్‌లో చూసి, ఒక రాయి ఊడదీసి నీళ్లలో వేద్దామని ఒకరు, సుత్తితో కొట్టి చూద్దామని ఇంకొకరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
ఎస్., పెరంబూరు

జవాబు: ముందు ఆ సుత్తి లోపల పెట్టించండి. వజ్రం అన్నిటికంటే గట్టిది కాబట్టి దెబ్బకు పగలదనుకోవడం చాలా పాత పొరపాటు. గట్టితనం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. వజ్రం మీద మామూలు వస్తువేదీ గీత పెట్టలేదు. గట్టితనాన్ని కొలిచే మోస్ కొలబద్దలో దానిది 10, అంటే ఆఖరి మెట్టు. కానీ కొన్ని దిక్కుల్లో అది తేలిగ్గా విచ్చుకుంటుంది. ఆ దిక్కు కనిపెట్టి ఒక్క దెబ్బతో రాయిని రెండు చెక్కలు చెయ్యడం సానపట్టేవాళ్ల పాత విద్య. మీవాళ్లు కొడితే రవ్వా పగులుతుంది, గాజూ పగులుతుంది. ఏదో తేలకుండానే రాయి పోతుంది.

నీళ్ల పరీక్ష అంత ప్రమాదం కాదు గానీ ఉత్త దండగ. "వజ్రం మునుగుతుంది, గాజు తేలుతుంది" అంటారు. గాజు గోలీ నీళ్లలో తేలడం మీరెప్పుడైనా చూశారా? వజ్రం సాంద్రత 3.52, స్ఫటికానిది 2.65, మామూలు గాజుది 2.5 దరిదాపుల్లో, నీటిది 1. మూడూ మునగాల్సిందే. కిటికీ అద్దం మీద గీసి చూడమని చెప్పేవాళ్లూ ఉంటారు. ఆ అద్దం గట్టితనం అయిదున్నర. ఏడు ఉన్న స్ఫటికం దాన్ని గీస్తుంది, ఎనిమిది దాటిన అమెరికన్ డైమండ్ కూడా గీస్తుంది. అద్దం పాడవడం తప్ప ఏమీ తేలదు.

మీ అమ్మాయి అడిగింది తెలిస్తే, ఏ పరీక్ష ఎందుకు పనిచేస్తుందో, ఏది ఎందుకు చెయ్యదో దానంతట అదే అర్థమవుతుంది. అందుకని ముందు తన సంగతి.

ఏ పదార్థం గురించైనా రెండు విషయాలు అడగాలి. లోపల ఏ పరమాణువులు ఉన్నాయి, అవి ఎలా అమరి ఉన్నాయి. వజ్రంలో ఉన్నది కార్బన్ ఒక్కటే. ఫ్రాన్సులో లావోసియే 1772లో పెద్ద కటకంతో ఎండను ఒకచోటికి చేర్చి వజ్రాన్ని కాల్చాడు. 1797లో ఇంగ్లండులో స్మిత్సన్ టెనెంట్, కాలిన వజ్రం నుంచి వచ్చిన వాయువును కొలిచి, అది బొగ్గులో ఉండే కార్బనేనని తేల్చాడు. పెన్సిల్ ములుకులో ఉన్నదీ ఆ కార్బనే. అయితే అక్కడ అది పొరలు పొరలుగా ఉంటుంది, అందుకే కాగితం మీద జారి గీత పడుతుంది. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువూ చుట్టూ ఉన్న నాలుగింటిని సమాన దూరంలో గట్టిగా పట్టుకుని ఉంటుంది. రాయి ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే పట్టు.

మాలలో కట్టే స్ఫటికం అంటే క్వార్ట్జ్, అందులో కార్బన్ లేదు. సిలికాన్, ఆక్సిజన్ ఉంటాయి. మెరీనా ఇసుకలో ఎక్కువ భాగం ఈ పదార్థమే. ఒక్కో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ఆ కట్టడమే మళ్లీ మళ్లీ. గాజు కూడా ఇసుకతోనే తయారవుతుంది. దానికి సోడా, సున్నపురాయి కలిపి కరిగిస్తారు. గాజులోనూ సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు ఉంటాయి. మరి తేడా ఏమిటంటే, చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోమనండి. నాలుగు చుక్కలు చూస్తే పదో వరుసలో చుక్క ఎక్కడ పడుతుందో చెప్పెయ్యొచ్చు. వజ్రం, మాలలోని స్ఫటికం అలాంటివి. పరమాణువులు ఇలా వరుసగా అమరిన దేన్నయినా సైన్సులో స్ఫటికమనే అంటారు. గాజు అదే ముగ్గుపిండి చెయ్యి జారి వాకిట్లో ఒలికినట్టు ఉంటుంది. పిండి అదే, పక్కపక్క రేణువులు దగ్గరగానే ఉన్నాయి, కానీ కాస్త దూరం పోతే ఏది ఎక్కడుందో చెప్పలేం. కరిగిన ముద్ద చల్లబడేటప్పుడు పరమాణువులకు వరుసలో నిలబడే వ్యవధి దొరకదు. అలా కలగాపులగంగానే బిగుసుకుపోతుంది.

వంటింట్లోనే ఇది చూపించొచ్చు. పంచదార నీళ్లలో కరిగించి రోజుల తరబడి కదపకుండా ఉంచితే పలకలు తేలిన పటికబెల్లం వస్తుంది. అది నిజమైన స్ఫటికం. అదే పంచదారను ముదురు పాకం పట్టి పళ్లెంలో పోసి చప్పున చల్లారిస్తే లాలీపాప్ లాంటి బిళ్ల వస్తుంది. అది గాజు. రెండూ తీపే. కల్లుప్పూ స్ఫటికమే. స్ఫటికం అంటే అద్దంలా మెరవాలని, ఖరీదు ఉండాలని ఎక్కడా లేదు. పాత భవనాల్లో కిటికీ గాజు శతాబ్దాల తరబడి కిందికి జారి అడుగున మందమైందని కూడా పిల్లలకు చెబుతుంటారు. అది నిజం కాదు. వెనకటి రోజుల్లో గాజు పలకలు సమానంగా రాకపోవడం వల్ల వచ్చిన తేడా అది.

ఇక మీ వస్తువులు. తేలిగ్గా తేలిపోయేవి ముందు చెబుతాను.

గిన్నెలు, సీసా గాజే. అందులో సందేహం పెట్టుకోకండి. క్రిస్టల్ అని బజారులో అమ్మే గ్లాసులు, గిన్నెలు, షాండిలియర్లు అన్నీ మంచి రకం గాజు మాత్రమే. 1670ల్లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ అనే ఇంగ్లిష్ వ్యాపారి గాజులో సీసం ఆక్సైడ్ కలిపే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. సీసం చేరితే గాజు బరువెక్కుతుంది, వెలుగును ఎక్కువ వంచుతుంది, చెక్కడానికి మెత్తగా అనువుగా ఉంటుంది, మీటితే గంటలా సాగుతుంది. యూరప్ నిబంధనల ప్రకారం లెడ్ క్రిస్టల్ అనిపించుకోవాలంటే 24 శాతం సీసం ఆక్సైడ్ ఉండాలి. పెళ్లిళ్లలో చీరల మీద, బొట్టుబిళ్లల మీద మెరిసే స్వరోస్కీ రాళ్లు కూడా గాజే. ఆస్ట్రియాలోని వాటెన్స్‌లో 1895లో మొదలైన కంపెనీ అది. 2012 నుంచి సీసం లేకుండా చేస్తున్నామని వాళ్లే ప్రకటించారు.

మీ గిన్నెల అడుగున సీసం లేదని రాసి ఉంటే నిశ్చింతగా వాడుకోండి. అలాంటి గుర్తేమీ లేకుండా, చూపుకు మించిన బరువుంటే అలమారలోనే అందంగా ఉండనివ్వండి. ముఖ్యంగా సీసాలో నిమ్మరసం, సిరకా, వైను నిల్వ పెట్టకండి. గిన్నెల్లో ఆవకాయ పెట్టకండి. పులుపు గాజులోని సీసం అనే విషలోహాన్ని మెల్లమెల్లగా తిండిలోకి లాగేస్తుంది. చుట్టం వచ్చినప్పుడు కాసేపు పండ్ల ముక్కలు పెడితే భయం లేదు. పసిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం అదీ వద్దు.

స్ఫటిక మాల సంగతి ఇంట్లోనే తేలుతుంది, మీ అమ్మాయే తేల్చగలదు. క్షేత్రాల దగ్గర అమ్మేవాటిలో గాజు పూసలు చాలా కలుస్తాయి. రామేశ్వరంలో తెల్లవారుజామున స్ఫటిక లింగ దర్శనం చేసుకుని బయటికి వచ్చినవాళ్లు వీధిలో కనిపించిన మాల కొంటారు, బేరం కుదిరిందనుకుంటారు. మాలను ఓ గంటసేపు నీడలో పెట్టి బుగ్గకు ఆనించి చూడండి, పక్కనే ఒక గాజు గోలీ పెట్టుకుని. స్ఫటికం చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. వరుసగా అమరిన పరమాణువులు వేడిని గాజుకంటే అయిదారు రెట్లు పైగా వేగంగా లాగేస్తాయి మరి. తర్వాత భూతద్దంతో పూసల లోపల చూడండి. గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే గాజు. స్ఫటికంలో మరకలు, పల్చటి తెరల్లాంటివి ఉండొచ్చు గానీ అలాంటి బుడగలు ఉండవు.

దీనికంటే మంచి పరీక్ష ఇంకోటుంది. ల్యాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరిచి వెలుగు నిండుగా పెట్టండి. పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు ఉంటే వాటిని కంటి ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒకచోట తెర నల్లబడుతుంది. అక్కడ ఆపి, తెరకూ కళ్లద్దాలకూ మధ్య పూసను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడమనండి. ఆ నలుపు మీద పూస వెలుగుతూ, ఆరుతూ, రంగులు చూపిస్తే స్ఫటికం. ఎటు తిప్పినా నల్లగానే ఉంటే గాజు. స్ఫటికంలోకి వెళ్లిన వెలుగు రెండుగా చీలి వేర్వేరు వేగాలతో నడుస్తుంది, అమరిక అన్ని దిక్కుల్లో ఒకేలా లేదు కాబట్టి. గాజులో అసలు దిక్కులే లేవు. ప్లాస్టిక్ పూస కూడా రంగులు చూపించి మోసం చేస్తుంది గానీ, అది చేతికి తేలిగ్గా, వెచ్చగా తగులుతుంది. సరిగా చల్లారని గాజులో మసక వెలుగు కనిపించడం కూడా ఉంటుంది. ఈ పరీక్ష దుద్దుల మీద చెయ్యకండి. వజ్రం నాలుగు వైపులా ఒకే తీరుగా అమరింది కనక, స్ఫటికమే అయినా గాజులాగే నల్లగా ఉండిపోతుంది.

ఇప్పుడు దుద్దులు. కొట్టాయన మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. కానీ కళ్లతో చూసి, కాటాలో పెట్టబోతూ చెప్పిన మాటను నేనైతే తీర్పుగా తీసుకోను. కొనేవాడే వెల కట్టడం మంచి పద్ధతి కాదు.

తేదీలు మీకు కొంత సాయం చేస్తాయి. అమెరికన్ డైమండ్ అని మనం పిలిచే క్యూబిక్ జిర్కోనియా నగల మార్కెట్లోకి వచ్చింది 1976 ప్రాంతంలో. మాయిసనైట్ అనే, వజ్రంలా మెరిసే ఇంకో కృత్రిమ రాయి నగల్లోకి వచ్చింది 1990ల చివర్లో. ప్రయోగశాలలో వజ్రాన్ని అమెరికాలో 1954లోనే చేశారు గానీ, నగలకు పనికొచ్చే రాళ్లు దుకాణాల్లో విరివిగా దొరకడం ఈ మధ్య మాట. కాబట్టి 1966లో పొదిగిన రాళ్లు ఇప్పటికీ అవే అయితే, అవి రవ్వలన్నా కావాలి, లేదా ఆనాటి గాజురాళ్లో తెల్ల జిర్కాన్ లాంటి వేరే తెల్లరాళ్లో కావాలి. చిక్కల్లా 1990ల్లో మళ్లీ కట్టించడం దగ్గర ఉంది. అప్పుడు ఒకటో రెండో రాళ్లు ఊడి, వాటి స్థానంలో అమెరికన్ డైమండ్ పడి ఉండొచ్చు. అందుకే రెండు దుద్దుల్లో కలిపి పద్నాలుగు రాళ్లనీ విడివిడిగా చూడాలి. ఒక్కటి చూసి జతకంతటికీ పేరు పెట్టెయ్యకూడదు.

మసగ్గా ఉన్నాయి కాబట్టి గాజని ఆయన అనుకుని ఉంటే, అది వజ్రం గుణం తెలియని మాట. వజ్రానికి నీరంటే పడదు, జిడ్డంటే మాత్రం ప్రాణం. గనుల్లో జిడ్డు పూసిన బల్లల మీదుగా గులకరాళ్లను నీటితో పారిస్తే, మిగతావి కొట్టుకుపోయి వజ్రాలే అంటుకుని మిగిలేవి. ఏళ్ల తరబడి తలనూనె, పసుపు, సబ్బు చూసిన దుద్దులు మసకబారకుండా ఎలా ఉంటాయి? కాస్త తడిగుడ్డతో పైపైన తుడిచి చూడండి. వెనక వైపు బంగారు రేకుతో మూసేసి ఉంటే నీళ్లలో నానబెట్టొద్దు. పాత క్లోజ్డ్ సెట్టింగ్‌లో రాయి కింద మెరుపు కోసం రేకు పెట్టేవారు, తడి చేరితే అది నల్లబడి రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది.

తుడిచాక నోటితో ఆవిరి ఊదండి. వజ్రం మీద ఆవిరి పట్టీ పట్టకముందే విడిపోతుంది. గాజు మీద కాసేపు నిలబడుతుంది. గట్టిగా బిగించి ఉన్న ఆ కార్బన్ అల్లికే దీనికి కారణం. అది వేడిని రాగికంటే అయిదు రెట్లు వేగంగా మోసుకుపోతుంది, గాజుతో పోలిస్తే వెయ్యి రెట్ల పైమాటే. తర్వాత పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దంతో రాయి అంచులు చూడండి. ఇంటి దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి, వాటి గట్టితనం ఏడు. దాదాపు అరవై ఏళ్లు తుడుస్తూ పెట్టుకున్న గాజురాయి అంచులు అరిగి గుండ్రబడి, ముఖమంతా సన్నటి గీతలు పడి ఉంటుంది. వజ్రం అంచులు ఇప్పటికీ చురుగ్గా ఉంటాయి. నన్నడిగితే మీ ఇంట్లో దొరికే సాక్ష్యాల్లో ఇదే బలమైనది.

ఇంతవరకూ అనుకూలంగా వచ్చినా రత్నాలు పరీక్షించే ల్యాబ్‌కు వెళ్లాల్సిందే. బంగారం కొట్లలో రాయికి ఆనించి కీచుమనిపించే పెన్ను చూసే వేడి గుణం కూడా ఇదే. గాజును, అమెరికన్ డైమండ్‌ను అది పట్టేస్తుంది. మాయిసనైట్ దగ్గర మోసపోతుంది, ఆ రాయి కూడా వేడిని బాగా లాగుతుంది కాబట్టి. ప్రయోగశాల వజ్రం దగ్గర అది మోసపోవడం అనడానికి లేదు. అది అన్ని విధాలా వజ్రమే, పుట్టిన చోటే వేరు. ఆ తేడా తేల్చడానికి పెద్ద పరికరాలు కావాలి. ప్రయోగశాల వజ్రాలను మన దగ్గరే తయారు చెయ్యడం కోసం 2023 బడ్జెట్లో ప్రకటించిన పథకం కింద మద్రాసు ఐఐటీకి అయిదేళ్లకు సుమారు 242 కోట్ల రూపాయలు కేటాయించారు. మీ ఊళ్లోనే చెట్ల మధ్య వజ్రాలు పెంచుతున్నారంటే మా తరానికి ఇంకా వింతగానే ఉంటుంది.

ల్యాబ్‌కు తీసుకెళ్లే ముందు దుద్దులను ముందూ వెనకా ఫొటో తీసి, బరువు తూయించి రాసుకోండి. మీ ఎదురుగానే చూడమనండి, రాళ్లు ఊడదీయకుండా ఎంతవరకు చెప్పగలరో, ఫీజు ఎంతో ముందే మాట్లాడుకోండి. బంగారం మీద హాల్‌మార్క్ ఉంటే అది బంగారం నాణ్యతకే హామీ. రాయి గురించి అది ఒక్క అక్షరం చెప్పదు. ఈ సంగతి తెలియక హాల్‌మార్క్ చూపించి రవ్వలని అమ్మితే నమ్మినవాళ్లు చాలామంది.

మీ అత్తగారు చెప్పిన బ్లూ జాగర్ ఉత్తమాట కాదు. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని పేరు మీద వచ్చింది. ఆ రాళ్లలో నీలి ఛాయ ఉండేది. మద్రాసు, ఆంధ్ర ఇళ్లల్లో ఏడురాళ్ల దుద్దులకు, బేసరికి వాటినే కోరి కొనేవారు. కాలక్రమంలో గనితో పనిలేకుండా, నీలంగా తళుక్కుమన్న మంచి రవ్వకల్లా అదే పేరు అంటుకుంది. కాబట్టి రాళ్లు నిజమైనవని తేలినా, అవి ఆ గనివేనని ఎవరూ ధ్రువీకరించలేరు. దాని కోసం ఎక్కువ ధర ఆశించవద్దు.

అయినా వజ్రాల కోసం మనం ఆఫ్రికా పేరు చెప్పుకోవాల్సి రావడమే విడ్డూరం. 1720ల్లో బ్రెజిల్లో దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలు పంపింది ప్రధానంగా మన దేశమే, అందులోనూ కృష్ణ ఒడ్డు. కొల్లూరు గనుల ప్రాంతం ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. ఆ రాళ్లు ఓడెక్కింది మీ ఊరి నుంచే. జార్జ్ టౌన్‌లో పగడాల వ్యాపారుల వీధి ఇప్పటికీ ఉంది. మధ్యధరా సముద్రపు పగడాలు తెచ్చి, బదులుగా గోల్కొండ వజ్రాలు పట్టుకెళ్లిన యూదు వర్తకులు అక్కడే కాపురం ఉన్నారు. సెయింట్ జార్జ్ కోట గవర్నరు థామస్ పిట్ 1700ల మొదట్లో 410 క్యారెట్ల ముడి వజ్రం ఒకటి కొన్నాడు. సానబెట్టాక 140 క్యారెట్లు మిగిలిన ఆ రాయిని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మారు. రీజెంట్ అనే పేరుతో అది పారిస్ లూవ్ర్ మ్యూజియానికి చేరింది. పగడాల వీధి మీకు బస్సు దూరమే. అమ్మాయిని ఓ ఆదివారం తీసుకెళ్లండి.

పంపకం గురించి మీరు అడిగింది ఒకటి, అడగనిది ఇంకొకటి. అడగనిది ముందు. "మేమిద్దరం పంచుకోవాలి" అన్నారు. వీలునామా లేకుండా పోయిన హిందూ స్త్రీ సొత్తు, 1956 నాటి వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ముందుగా ఆవిడ కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు చెందుతుంది. కోడళ్లకు నేరుగా కాదు. మీకు ఆడపడుచు ఉంటే, మామగారు ఉంటే, వాళ్లను పిలవకుండా మీరిద్దరూ తెగ్గొట్టుకోవద్దు. వాళ్లు వద్దంటే అది వేరే సంగతి, ఆ మాట వాళ్ల నోటి నుంచి రావాలి.

అడిగినదానికి జవాబు: ల్యాబ్ కాగితం వచ్చేదాకా దుద్దులు ఎవరివన్న మాట ఎత్తకండి. రవ్వలని తేలితే, ఒక దుద్దు నీకు, ఒక దుద్దు నాకు అని జత విడదీయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు డబ్బు కట్టండి. ఆ లెక్క కొట్లో కొత్త నగ ధర చూసి వెయ్యకండి, ఇవాళ అమ్మబోతే వచ్చే ధర మీద వెయ్యండి. చిన్న పాత రవ్వలకు అది మీరనుకున్నదానికంటే తక్కువే ఉంటుంది. కనీసం రెండు చోట్ల అడగండి, ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో ఒకటి, ఇంకెక్కడైనా ఒకటి. గిన్నెలు తెచ్చిన మరిదికే తిరిగి ఇచ్చేస్తే గొడవ ఉండదు. మాల ఖరీదు ఏపాటిదీ కాదు, స్ఫటికమైనా గాజైనా. జపం చేసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకివ్వండి.

ఒకవేళ పద్నాలుగింటిలో రెండు మూడు రాళ్లు వేరేవని కాగితంలో వస్తే, అత్తగారు ఉన్నవీ లేనివీ చెప్పారని మీ తోడికోడలిని అననివ్వకండి. 1966లో ఆవిడకు ఏం పెట్టారో ఆవిడ అది చెప్పారు. 1990ల్లో కట్టిన చేతులు ఏం చేశాయో ఆవిడకు చెప్పినవాళ్లు ఉండి ఉండరు.